ఏ వన్ అంటే డీలక్సా, తాలా?

మొన్న వేసవి సెలవుల్లో, గుంటూరు బ్రాడీపేటలో నేను సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్పే గదికి ఒకావిడ వచ్చింది. వెనక ఇంటర్ సెకండియర్ చదివే కొడుకు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఫోన్ నా ముందు పెట్టి, "మాస్టారూ, మావాడు నెట్‌లో ఇంగ్లీషు పరీక్ష రాశాడండి. ఏ వన్ వచ్చింది చూడండి. ఇంక క్లాసులు అక్కర్లేదంటున్నాడు" అంది. కుర్రాడు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అసలు సంగతి వాడికి తెలుసని ఆ చూపులోనే అర్థమైపోయింది.

ఆవిడను తప్పు పట్టడానికి లేదు. సీబీఎస్‌ఈ స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులో ఏ1 అంటే 91 నుంచి 100 మధ్య మార్కులు. మన ఊళ్ళలో టీకొట్టు బోర్డు మీద ఏ వన్, టైలర్ షాపు మీద ఏ వన్, మటన్ కొట్టు మీదా ఏ వన్నే. ఆ మాట లండన్ ఓడల లెక్కల్లోంచి వచ్చింది. లాయిడ్స్ వాళ్ళు తమ నౌకల రిజిస్టరులో ఓడ కట్టుబడి బాగుంటే ఏ అనీ, లంగర్లు, తాళ్ళు వగైరా సామాను బాగుంటే 1 అనీ వేసేవాళ్ళు. రెండూ బాగున్నది ఏ1 ఓడ. అలా బయల్దేరిన మాట మన టీకొట్టు దాకా వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకు వేసే ఏ1 మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. అది అట్టడుగు మెట్టు.

ఈ ముక్క ఆవిడతో ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే, కింద బండి పెట్టి వాళ్ళాయన పైకొచ్చాడు. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. కాగితం మీద మెట్లు గీసి, కింద నుంచి పైకి ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని రాసి చూపించాను. ఒక్క నిమిషం చూశాడు. "అంటే మా లెక్కలో తాలన్నమాట" అని ఫక్కున నవ్వాడు. యార్డు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అక్కడ సరుకును డీలక్స్, బెస్ట్, మీడియం అని విడగొడతారు. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అంటారు.

నేర్చుకునేవాళ్ళ ఇంగ్లీషు డిక్షనరీల్లో ఇప్పుడు మాటల పక్కన కూడా ఈ మెట్ల గుర్తులే వేస్తున్నారు. ఆ రోజు నుంచి వాటి గురించి నేను క్లాసులో మిర్చి భాషలోనే చెబుతున్నాను. మిర్చిలో రంగు వేరు, కారం వేరు. తేజ కాయ కారానికి పెట్టింది పేరు. బ్యాడిగి రకానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. కారప్పొడి కొట్టించుకునేవాడికీ, కాయలోంచి రంగు తీసే ఫ్యాక్టరీవాడికీ మంచి కాయ ఒకటే కాదు. డిక్షనరీలో మాట కూడా అంతే. అర్థం తెలియడం ఒకటి, నోరు తిరగడం ఒకటి, స్పెల్లింగ్ గుర్తుండటం ఒకటి, సందర్భం చూసి వాడటం మరొకటి. మాట పక్కనున్న బీ2 అనే ఒక్క గుర్తు వీటన్నిటినీ కాటాలో వేసి తూచిందని మనం అనుకుంటాం. అది తూచింది వేరే సంగతి.

మెట్లు మనుషులకు కట్టారు, మాటలకు కాదు

ఈ ఆరు మెట్లనూ 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే సంస్థ ప్రచురించింది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దాని ఆఫీసు. అందరూ యూరోపియన్ యూనియన్ అనుకుంటారు గానీ, అది వేరు, ఇది వేరు. యూరప్‌లో ఒక దేశంవాడు ఇంకో దేశం భాష నేర్చుకుంటే, ఎంత వచ్చో చెప్పడానికి అందరికీ ఒకే కొలత ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఏ1 మనిషి తన పేరు, ఊరు చెప్పుకోగలడు, ఎదుటివాడు నిదానంగా మాట్లాడితే అర్థం చేసుకోగలడు. బీ2 మనిషి తన రంగానికి సంబంధించిన చర్చల్లో పాల్గొనగలడు. సీ2 మనిషి చదివినదీ విన్నదీ దాదాపు అంతా పట్టుకోగలడు. గమనించండి, ఇదంతా మనిషి ఏం చేయగలడన్న లెక్క. అందులో మాటల పట్టికే లేదు. అసలది ఇంగ్లీషు కోసమే చేసింది కూడా కాదు.

మాటలకు ఈ ముద్రలు తర్వాత పడ్డాయి. కేంబ్రిడ్జ్ వాళ్ళు తమ పరీక్షలు రాసిన రకరకాల దేశాలవాళ్ళ జవాబు పత్రాలను పెద్ద ఎత్తున పోగేసి, ఏ మెట్టు మీదున్నవాళ్ళు ఏ మాటలు వాడుతున్నారో చూశారు. దాన్నిబట్టి ఈ మాట సాధారణంగా ఈ మెట్టుకల్లా వస్తుందని గుర్తు వేశారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వాడుకలో మాట ఎంత తరచుగా వస్తుంది, నేర్చుకునేవాడికి ఎంత పనికొస్తుంది అని లెక్క చూసి 3000 మాటలు ఏరి వాటిని ఏ1 నుంచి బీ2 దాకా పంచారు. పైన ఇంకో 2000 చేర్చి 5000 చేశారు. లెక్క కట్టే పద్ధతి వేరైనప్పుడు ఒకే మాటకు ఒకచోట బీ1, ఇంకోచోట బీ2 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఒకే లాటుకు ఇద్దరు వ్యాపారులు రెండు ధరలు చెప్పడం లాంటిదే అది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, గుర్తు మాటకు కాదు, అర్థానికి వేస్తారు. బ్యాంక్ అనే మాట తీసుకోండి. డబ్బులు వేసే బ్యాంకు ఆక్స్‌ఫర్డ్ పట్టికలో ఏ1. నది ఒడ్డు అనే అర్థంలో అదే స్పెల్లింగ్, అదే పలుకుబడి, కానీ బీ1. సీతానగరం ఘాట్ దగ్గర నిలబడితే కృష్ణకు కూడా బ్యాంకు ఉంటుందని మా పిల్లలకు చెబితే మొదట నవ్వుతారు. అడ్రస్ ఇంకా తమాషా. మన ఆటో డ్రైవర్లందరికీ తెలిసిన మాట, నామవాచకంగా వాడితే ఏ1. అదే క్రియగా వాడి, సమస్యను పట్టించుకుని పరిష్కరించే ప్రయత్నం చేయడం అన్న అర్థంలో తీసుకుంటే బీ2. అడ్రస్ నాకు తెలుసులే అని పేజీ తిప్పేసినవాడు పేపర్లో ఎడిటోరియల్ మొదటి లైనులోనే బోల్తా పడతాడు.

ఈ పట్టికలేవీ మన ఊళ్ళ పిల్లలను చూసి కట్టినవి కావన్న సంగతి కూడా మరచిపోకూడదు. మన దగ్గర మెట్లు అదే వరసలో ఉండవు. రాజధాని అమరావతి కోసం భూములిచ్చిన తుళ్ళూరు వైపు ఏ రైతునైనా అడగండి. 2015 నుంచి పూలింగ్, రిటర్నబుల్ ప్లాట్, కౌలు యాన్యుటీ అనే మాటలు ఆ ఊళ్ళలో రచ్చబండ మాటలైపోయాయి. స్థలం కొన్న ప్రతివాడికీ ఈసీ తెలుసు. స్థలం మీద తాకట్టు లాంటివి ఉన్నాయో లేదో చెప్పే ఆ కాగితం పేరు పొడుగ్గా పలికితే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఇంగ్లీషు పుట్టిన దేశంలో మామూలు చదువు చదివినవాడు ఎన్‌కంబరెన్స్ అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాడు. మనకది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద దొరికిన మాట. ఇరిగేషన్, పెస్టిసైడ్, కోల్డ్ స్టోరేజ్, అఫిడవిట్ కూడా అంతే. వీటికి అర్థం నేర్పక్కర్లేదు, స్పెల్లింగ్ చూపిస్తే చాలు. అందుకే ఏ1 నుంచి మొదలుపెట్టి వరసగా బట్టీ కొట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఢాకాలో పుట్టిన ఉపాయం

ఇప్పుడు అర్థాల సంగతి. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషులోనే అర్థం రాసినప్పుడు, ఆ అర్థంలో ఇంకో తెలియని మాట ఉంటే, దాని కోసం ఇంకో పేజీ, అక్కడ ఇంకో మాట. చివరికి మొదటి మాట దగ్గరికే వచ్చి పడతాం. దీనికి మందు కనిపెట్టిన మైకేల్ వెస్ట్ అప్పటి ఢాకాలో టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో పనిచేసినవాడు. బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవలేక పడే అవస్థ దగ్గరుండి చూశాడు. 1935లో ఇంకొకరితో కలిసి తెచ్చిన డిక్షనరీలో 1,490 తేలిక మాటలు ముందే ఎంచుకుని, దాదాపు 24,000 మాటలకూ పదబంధాలకూ వాటితోనే అర్థాలు రాశాడు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ అదే దారిలో దాదాపు 2,000 మాటల హద్దు పెట్టుకుంది. ఇక మన కాలేజీ లైబ్రరీల్లో ఆక్స్‌ఫర్డ్ అని పిలిచే లావు డిక్షనరీ మొదట అచ్చయింది 1942లో, జపాన్‌లో. అక్కడ ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ అనే మాస్టారు చేసిన పని అది. అంటే నేర్చుకునేవాళ్ళ డిక్షనరీ అనే వస్తువు ఇంగ్లండ్ పెద్దమనుషుల గదుల్లో పుట్టలేదు. మా బ్రాడీపేట గదిలాంటి చోట, అర్థం కాక బిక్కమొహం వేసిన పిల్లల ముందు పుట్టింది. నాకిది తెలిసిన రోజున ఎందుకో చాలా తృప్తిగా అనిపించింది.

అందువల్ల ఒక సదుపాయం ఉంది. ఆ రెండు మూడు వేల మాటలు గట్టిగా వచ్చేస్తే, మిగతా డిక్షనరీకి తాళంచెవి మీ చేతిలో ఉన్నట్టే. ఇంజినీరింగ్, నర్సింగ్ పిల్లలకు ఇంకో పట్టిక పనికొస్తుంది. 2000లో ఎవ్రిల్ కాక్స్‌హెడ్ చదువుల పుస్తకాల్లో పదేపదే వచ్చే 570 పద కుటుంబాలను ఏరింది. పాఠ్యపుస్తకాల్లాంటి రాతల్లో దాదాపు 10 శాతం మాటలు అవే. చూడటానికి లావుగా ఉంటాయి, కానీ ఒకసారి పట్టుబడితే ప్రతి పేజీలో పలకరిస్తాయి.

మరి తెలుగు అర్థాల సంగతో? మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులతో నాకో పేచీ ఉంది. 1850ల్లో బ్రౌన్ దొర అచ్చు వేయించిన దాని నుంచి ఇప్పటి పాకెట్ సైజు దాకా అవి మనకు చేసిన మేలు చిన్నది కాదు. కానీ చాలావాటిలో ఇంగ్లీషు మాటకు ఎదురుగా సంస్కృతం మాట కూర్చుంటుంది. ఒకమ్మాయి అబ్‌స్ట్రాక్ట్ అనే మాట చూసి, "అమూర్తం అని ఉంది సార్. అమూర్తం అంటే ఏంటి?" అని అడిగింది. కొండను తవ్వి ఇంకో కొండను చూపించినట్టైంది. చేత్తో పట్టుకోలేనిది, మనసులో మాత్రమే అనుకోగలిగేది అని చెబితే సరిపోయేది. ప్రేమ, న్యాయం, పరువు అని నాలుగు ఉదాహరణలిస్తే ఇంకా బాగుండేది.

నిజానికి చాలా ఇంగ్లీషు మాటలకు తెలుగు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. నిఘంటువుకు దొరకదు గానీ, మన అమ్మమ్మల నోట్లో ఉంటుంది. ఆక్వర్డ్ అంటే వికృతమైన, అసౌకర్యమైన అని రాస్తారు. దానికి ఎబ్బెట్టు అన్న మాట కంటే దగ్గరిది ఇంకేముంది? హెజిటేట్ అంటే తటపటాయించడం. నాగ్ చేయడం అంటే నస పెట్టడం. ఇలాంటి జోడీ కుదిరినప్పుడు ఇంగ్లీషులో రాసిన అర్థం చదవకపోయినా నష్టం లేదు. కుదరనప్పుడు మాత్రం ఇంగ్లీషు అర్థం, దాని కింది ఉదాహరణ వాక్యం, రెండూ చదవాల్సిందే. అప్రీషియేట్ అనే మాటకు ఒక్క తెలుగు మాట వేసుకుని కూర్చుంటే, మెచ్చుకోవడం, కృతజ్ఞత చెప్పడం, స్థలం రేటు పెరగడం అన్నీ కలగాపులగమవుతాయి.

బెజవాడలో ఉన్న జ

కొన్నేళ్ళ కిందట విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల మధ్య తిరుగుతుంటే అట్ట ఊడిన ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి దొరికింది. ఎవరో మహానుభావుడు ప్రతి కష్టమైన మాట పక్కన పెన్సిల్‌తో, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో, పలికే తీరు రాసుకున్నాడు. కల్నల్ స్పెల్లింగ్ పక్కన "కర్నల్, ఎల్ లేదు" అని ఉంది. డెట్ పక్కన "బీ దండగ" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆయన ఓపిక డీ అక్షరం దాకా వచ్చింది. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. దాదాపు మనందరి ఇంగ్లీషు చదువూ డీ దగ్గరే ఆగుతుంది కాబట్టి ఆయన మీద నాకు ఎంతో ఆప్యాయత కలిగింది.

ఆయన కోపం న్యాయమే. డెట్‌లో బీ ఎప్పుడూ పలకలేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అది అక్కడ లేదు కూడా. తర్వాత పండితులు ఇది లాటిన్ డెబిటుమ్ నుంచి వచ్చిందని గుర్తు చేయడానికి బీని తెచ్చి ఇరికించారు. రిసీట్‌లో పీ కథా అదే. మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు దాన్ని రిసీప్ట్ అంటారు. అసలు గొడవంతా ఎక్కడంటే, కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, నోరు మాత్రం మారుతూ పోయింది. ఒకప్పుడు నైఫ్‌లో కే పలికేది. నేమ్ అనే మాటను నామ అన్నట్టే పలికేవాళ్ళు, మన నామంతో దానికి దూరపు చుట్టరికమూ ఉంది. మనం నవ్వడానికేం లేదు. జ్ఞానం అని రాసి గ్నానం అని పలికేది మనమే. బ్రహ్మ అని రాసి బ్రమ్హ అనేదీ మనమే.

తెలుగు అక్షరాల్లో పలుకుబడి రాసుకోవడం తప్పా అని చాలామంది అడుగుతారు. తప్పు కాదు, ఇంగ్లీషు స్పెల్లింగ్ కంటే మన లిపి వెయ్యి రెట్లు నమ్మకమైనది. కాకపోతే మూడు చోట్ల మోసం చేస్తుంది. మొదటిది, మన లిపిలో లేనిది మన నోట్లోనూ లేదనుకుంటాం. క్యాట్, బ్యాంక్ అని య వత్తు తగిలించి రాస్తాం, ఆ ధ్వనికి అక్షరం లేదు కాబట్టి. అది మనకు రాదని కూడా అనుకుంటాం. "వాడు వచ్చాడు" అని ఒకసారి మామూలుగా, ఇంట్లో అన్నట్టు అనండి. వాడులో ఆ, వచ్చాడులో ఆ, రెండూ ఒకటేనా? మన కోస్తా నోటిలో రెండోది ఆ కాదు, ఏ కాదు, మధ్యలో ఉంటుంది. నోరు వెడల్పుగా సాగుతుంది. ఇంచుమించు క్యాట్‌లో ఉన్న అచ్చు అదే. య అక్కర్లేదు. వచ్చాడులోని ఆ తెచ్చి పెట్టుకుంటే చాలు. ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసులో ముప్పైమందీ వచ్చాడు, చెప్పాడు, తిన్నాడు అని గొణుక్కుంటారు. కింద షాపువాళ్ళు ఏం జరుగుతోందా అని పైకి చూస్తారు.

జెడ్ సంగతీ అంతే. ప్లీజ్, ఈజీ, జీరో అన్నప్పుడు జమునలో జ పలికితే కుదరదంటారు. నిజమే, కానీ తెలుగులో జలు రెండున్నాయి. జడ, జొన్న, జాబు అన్నప్పుడు నాలుక పళ్ళ వెనక్కి వస్తుంది. పాత నిఘంటువుల్లో దాని నెత్తిన చిన్న రెండంకె లాంటి గుర్తు పెట్టి ౙ అని రాసేవాళ్ళు. బెజవాడలో ఉన్నది కూడా ఆ ౙ యే. దాన్ని విన్న తెల్లదొరలు ఊరి పేరును ఇంగ్లీషులో జెడ్ పెట్టే రాశారు. పాత రైల్వే కాగితాల్లో, మ్యాపుల్లో చూడొచ్చు. వాళ్ళ చెవికి అది తమ జెడ్‌కు అంత దగ్గరగా వినిపించింది. తేడా చిన్నదే. ౙలో నాలుక ఒక్క క్షణం తగిలి వదులుతుంది, జెడ్‌లో తగలకుండా గాలి సన్నగా జారిపోతుంది. అంటే సగం దూరం మనం పుట్టుకతోనే నడిచేశాం.

వ గురించి అంత ధైర్యం చెప్పలేను. పై పళ్ళు కింది పెదవికి ఆనే వీ ఒకటి, పెదాలు గుండ్రంగా చుట్టే డబుల్యూ ఒకటి. డిక్షనరీ రెంటికీ వేర్వేరు గుర్తులు వేస్తుంది, మన దగ్గర ఒకటే వ. వెస్ట్ అంటే పడమరో బనీనో చెవికి తెలియదు. అద్దం ముందు సాధన చేయడమే.

రెండో మోసం పెద్దది. తెలుగు చెవి పొడుగు కొలుస్తుంది. గురువు, లఘువు అని పద్యాన్ని గణాలుగా విడగొట్టుకున్న జాతి మనది. ఏ అక్షరం ఎంతసేపు పలికిందన్నదే లెక్క, ఏది గట్టిగా పలికిందన్నది కాదు. ఇంగ్లీషు చెవి బలం కొలుస్తుంది. ఒక మాటలో ఒక ముక్క మీద గట్టిగా ఊని, మిగతావాటిని నలిపేస్తారు. ఫోటోగ్రాఫ్‌లో ఊనిక మొదటి ముక్క మీద. ఫోటోగ్రఫీకి వచ్చేసరికి అది రెండో ముక్కకు జరిగి, మాట దాదాపు ఫటాగ్రఫీ అవుతుంది. ఫోటోగ్రాఫిక్‌లో మళ్ళీ మూడో ముక్క మీదికి పోతుంది. మనం మూడింటినీ సమానంగా, న్యాయంగా పలుకుతాం. ఆ న్యాయమే విదేశీ చెవికి అడ్డం పడుతుంది. డెవలప్ అన్నప్పుడు మనం డె మీద ఊనుతాం, వాళ్ళు వె మీద. కమిటీలో వాళ్ళ ఊనిక మి మీద. హోటల్‌లో చివరి ముక్క మీద. డిక్షనరీలో ఆ ముక్క ముందు, పై భాగంలో, నిలువుగా చిన్న గీత ఉంటుంది. చీమ తలంత గీత. అందరూ అచ్చుతప్పు అనుకుని వదిలేస్తారు. నన్నడిగితే మొత్తం పలుకుబడి గుర్తుల్లో ముందు చూడాల్సింది దాన్నే.

నలిపేసిన ముక్కల్లో వినిపించే అచ్చు మూడో మోసం. దాన్ని షువా అంటారు. ఇంగ్లీషు "ఈ" (e) అనే చిన్నక్షరాన్ని తలకిందులు చేసినట్టుంటుంది గుర్తు. ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు అదే. నోరు పూర్తిగా తెరవకుండా, అలసిపోయినవాడు మూలిగినట్టు వచ్చే అ. బనానాలో మొదటిదీ చివరిదీ అదే, మధ్యలో నా ఒక్కటే నిండుగా పలుకుతుంది. దీన్ని తెలుగులో రాసుకున్నప్పుడు స్పెల్లింగ్ చూసి ఆ, ఓ, ఎ ఏదో ఒకటి నిండుగా రాసేస్తాం, అలాగే పలుకుతాం. కంఫర్టబుల్‌ను నాలుగు ముక్కలుగా పలికే మనిషికి, కంఫ్-ట-బుల్ అని మూడే వినిపించినప్పుడు అది తనకు తెలిసిన మాటే అని తట్టదు. సినిమాలో సబ్‌టైటిల్ చదివితే అన్నీ తెలుసు, వింటే ఏదీ తెలియదు అనే బాధ ఇక్కడిదే. అన్నట్టు, గుర్తుల్లో అచ్చు పక్కన రెండు చుక్కలు కనిపిస్తే విసర్గ అనుకోకండి. అది దీర్ఘం. ఒక బ్యాచ్ మొత్తం వారం రోజులు కార్‌ను "కాహ్" అని చదివింది, చెప్పడం నేనే మరచిపోయాను.

బ్రిటిష్, అమెరికన్ అని రెండు పలుకుబడులు ఇస్తారు. ఏదో ఒకటి పట్టుకోండి, రెండూ అర్థం కావాలి, ఒకటి వస్తే చాలు.

తెలిసిన మాటలే కొంప ముంచుతాయి

ఇక ఏ మెట్టు గుర్తూ చెప్పని కష్టం ఒకటుంది, అది మనకే ప్రత్యేకం. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కు వెళ్ళి వెన్న వేసిన ఇడ్లీ తినొచ్చు, రూము అడిగితే మాత్రం నవ్వుతారు. మన హోటల్ తినే చోటు, వాళ్ళ హోటల్ పడుకునే చోటు. పదం అదే, అర్థం దారిలో మారిపోయింది. డౌట్ కూడా అలాంటిదే. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. వాళ్ళకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. విదేశంలో నర్సు ఉద్యోగానికి వెళ్ళిన మా పాత విద్యార్థిని ఒకామె డాక్టర్‌తో మందు గురించి "నాకో డౌట్ ఉంది" అని ఇంగ్లీషులో అంటే, ఆయన మొహం మాడ్చుకుని ప్రిస్క్రిప్షన్ మళ్ళీ చదివాడట. ఆమె అడగాలనుకున్నది, భోజనానికి ముందా తర్వాతా అని.

నేను తిన్న దెబ్బ కూడా చెప్పాలి. కుర్రతనంలో ఒక ఉద్యోగానికి రాసిన ఉత్తరంలో ఫలానా ఏడాది డిగ్రీ పాస్ అవుట్ అయ్యానని ఇంగ్లీషులో దర్జాగా రాశాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "తర్వాత ఎవరైనా నీళ్ళు చల్లారా?" అన్నాడు. పాస్ అవుట్ అంటే అక్కడ స్పృహ తప్పి పడిపోవడం. సైనిక శిక్షణ ముగించుకుని బయటికి రావడమన్న అర్థం కూడా ఉంది. మన కాలేజీలకు ఈ మాట బహుశా ఆ దారినే వచ్చి ఉంటుంది. ఉద్యోగం రాలేదు, మాట మాత్రం బాగా వచ్చేసింది.

టెన్షన్ పడటం, కరెంట్ పోవడం, ఓవరాక్షన్ చేయడం, బిల్డప్ ఇవ్వడం, ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటలే. వీటిని తెలుగులో వాడుకోవద్దని నేననను, నేనూ రోజూ వాడతాను. కాకపోతే ఇంగ్లీషు వాక్యంలో పెట్టేముందు డిక్షనరీ తీసి చూడాల్సింది సీ1 మాటలను కాదు, వీటినే. తెలియని మాట దగ్గర మనిషి ఆగుతాడు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు. మెట్ల పట్టిక కట్టినవాళ్ళకు మన గుంటూరు టిఫిన్ సెంటర్లు, మెస్సులు, పాస్ అవుట్లు కనిపించవు కదా. కాబట్టి ఆ గుర్తు పక్కన మన గుర్తు ఇంకోటి మనమే వేసుకోవాలి.

ఆ కుర్రాడు క్లాసులో చేరాడు. రెండు నెలలయ్యాక నోట్‌బుక్ దిద్దుదామని తీసుకున్నాను. మాట రాసి, ఊనిక ఉన్న ముక్క కింద ఎర్ర గీత గీసి, తెలుగులో ఒకటో రెండో ముక్కల్లో అర్థం రాశాడు. డిక్షనరీ ఇచ్చిన మెట్టు పక్కనే వాడి సొంత గ్రేడు. నేను చెప్పింది కాదు, యార్డు భాష వాడికి ఇంట్లోనే ఉందిగా. ఎన్‌కంబరెన్స్ డీలక్స్‌లో ఉంది, వాళ్ళ నాన్న రెండు సార్లు ఈసీ తీయించాడట. కంఫర్టబుల్ మీడియం, అర్థం వచ్చు గానీ నోరు తిరగడం లేదు కాబట్టి. హోటల్, డౌట్ తాలులో పడ్డాయి. చివరి పేజీలో విడిగా ఒక మాట, చుట్టూ గీత గీసి ఉంది: "ఏ వన్. అర్థాలు రెండు. అమ్మకు డీలక్స్, మాస్టారికి తాలు."